పిడికెడు బియ్యం

2024 సెప్టెంబరులో, నాకు 62 ఏళ్ల వయసులో, మరొక స్త్రీ నా తల దువ్వి జడ వేసింది. అంతకుముందు నాకు చివరిసారి జడ వేసింది మా అమ్మ, ఇంటర్ చదవడానికి హాస్టలుకు బయలుదేరిన రోజున. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా నా తలను నా చేతులు తప్ప వేరే చేతులు తాకలేదు.

కుడి మణికట్టు విరిగి మోచేతి దాకా పిండికట్టు వేశారు. ఎడమ చేత్తో అన్నం తినవచ్చు, ముఖం కడుక్కోవచ్చు, నైటీతో రోజులు గడిపేయవచ్చు. జడ మాత్రం వేసుకోలేము. మూడు పాయలు పట్టడానికి రెండు చేతులూ కావాలి. రెండు రోజులు జుట్టును అలాగే వదిలేశాను, మూడో రోజు రబ్బరు బ్యాండు పంటితో పట్టుకుని ముడి వేయాలని చూశాను. కుదరలేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. మా వారు 2019లో ప్రభువునందు నిద్రించారు. బెంగళూరు నుంచి అబ్బాయి వచ్చి, రెండు రోజులుండి వెళ్లాడు.

ఆ జడ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అయితే ముందు బియ్యం గురించి చెప్పాలి.

మా చర్చి స్త్రీల మైత్రికి నేను పదకొండేళ్లుగా కోశాధికారిని. పిడికెడు బియ్యం లెక్క నా చేతిలో ఉంటుంది. తెలియనివారి కోసం చెబుతాను. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా, కడగడానికి ముందే, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. పూటకొక పిడికెడు. ఆదివారం ఆ డబ్బానో, చిన్న సంచినో చర్చికి తెచ్చి డ్రమ్ములో పోస్తారు. నెలకొకసారి తూచి, కొంత అవసరంలో ఉన్న ఇళ్లకు ఇస్తాం, మిగతాది అమ్మి ఆ డబ్బును సువార్త పనికి పంపుతాం. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, రేషన్ బియ్యం, నిరుటివి, కొత్తవి అన్నీ ఆ డ్రమ్ములో కలిసిపోతాయి. అందుకే అవి ఒకేలా ఉడకవు. కొన్ని ముద్దవుతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. వండినవాళ్లకు అవి ఎక్కడివో తెలిసిపోతుంది.

ఈ పని నేను మొదట చూసింది మా నాయనమ్మ దగ్గర. మా ఊరు దోర్నకల్ వైపు. పేరు పిడికెడు బియ్యమే గాని, నా చిన్నతనంలో ఆమె కుండలో పడేవి ఎక్కువగా జొన్నలే. బియ్యం పండుగలకు వండేవాళ్లు. ఆమె సోలతో జొన్నలు కొలిచి చాటలో పోసి, ముందు పిడికెడు తీసి కుండలో వేసి, ఆ తర్వాతే రాళ్లు ఏరేది. ఎంతమంది తినాలి, సరిపోతాయా అని చూసుకోవడం ఆ తర్వాతి సంగతి. నేను లెక్కల మనిషిని, అప్పటికే. "అందరూ తిన్నాక మిగిలితే ఇవ్వవచ్చు కదా నాయనమ్మా" అని అడిగాను. "మిగిలింది కోళ్లకు వేస్తాం గదే" అంది, చాట మీద నుంచి తల ఎత్తకుండానే.

బైబిల్లోని సారెపతు విధవరాలి దగ్గర తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె మాత్రమే ఉన్నాయి. ప్రవక్త ఏలీయా ఆమెను "నాకొక చిన్న అప్పము మొదట చేసి" తెమ్మన్నాడు. ఆ "మొదట" అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మిగిలాక ఇవ్వడానికి నమ్మకం అక్కర్లేదు, లెక్క సరిపోతే చాలు. చాలుతుందో లేదో తెలియకముందు తీసి పెట్టడానికే నమ్మకం కావాలి. ఈ సంగతి నేను సండే స్కూలులో ఎన్నో సార్లు చెప్పాను. చెప్పడం బాగానే వచ్చేది.

నాయనమ్మ పెళ్లి కాకముందే బాప్తిస్మం తీసుకుంది. అజరయ్య గారు తమ ఊరికి ఎడ్లబండి మీద వచ్చిన రోజు గురించి పదే పదే చెప్పేది. బిషప్ వి.ఎస్. అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. 1909లో మిషనరీగా దోర్నకల్ వచ్చి, ఈ జనం కోసం తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరులో కలకత్తాలో అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్‌ను వదల్లేదు. పూట గడవని పేదలకు ఆయన చేయి చాచడం కాకుండా ఇవ్వడం నేర్పారు. బాప్తిస్మం పొందినవాళ్లు తమ చేయి తమ తల మీద పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలకాలి. నాయనమ్మ ముసలితనంలో కూడా అలా చేయి తల మీద పెట్టుకుని చూపించేది. 1939లో ప్రతిష్ఠ అయిన దోర్నకల్ కెథడ్రల్‌లో ఆలయ మండపంలోని స్తంభాల వంటి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు ఉన్నాయి. అందులోకి మొదటిసారి నడిచినప్పుడు పైకి చూసి చూసి మెడ నొప్పి పుట్టిందని చెప్పేది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మా నాయనమ్మ తరంలో పల్లె జనానికి వంగడం ఎవరూ నేర్పనక్కర్లేదు. దొర గడి ముందు నుంచి నడిస్తే చెప్పులు చేతిలోకి రావాలి. పిలిస్తే వెట్టికి వెళ్లాలి, "బాంచన్" అనాలి. అది వినయం కాదు, మనిషి మెడ మీద పెట్టిన కాలు. చర్చి మెట్ల దగ్గర కూడా ఆమె చెప్పులు విడిచింది, కాని అక్కడ దొర వచ్చినా విడవాల్సిందే. ఆ తేడా ఆమెకు ఎవరూ విడమరచి చెప్పకుండానే తెలుసు. కాబట్టి దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్లకు "తగ్గించుకో అమ్మా" అని చెప్పే బోధ వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒకరి పొగరుకు ఇంకొకరి తల దించడం ప్రభువు అడిగిన తగ్గింపు కాదు. ఆయన "నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను" అన్నది భారం మోసి అలసిపోయినవాళ్లతో, వాళ్లకు విశ్రాంతి ఇస్తానంటూ.

నాయనమ్మ ప్రార్థన చాలా చిన్నది. రాత్రి దీపం తగ్గించాక, "నాయనా, ఈ పూట గడిచింది. రేపటిది నీకు తెలుసు" అని పడుకునేది. అంతే.

నా ప్రార్థన అలా ఉండేది కాదు. మా సంఘాల్లో ప్రార్థనకు ఒక వరస ఉంది. "ధూళిని, బూడిదను, ఏ యోగ్యతా లేనిదానను" అని మొదలుపెడతాం. ఆ మాటలను తప్పుపట్టడం లేదు. ధూళి, బూడిద అన్నవి అబ్రాహాము మాటలు, అదీ సొదొమలోని జనాన్ని కాపాడమని దేవుని ఎదుట నిలబడి, యాభై మంది దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా బతిమాలుతున్నప్పటి మాటలు. నేను మాత్రం వాటిని బాగా పలకగలను కాబట్టి పలికేదాన్ని. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. 34 ఏళ్లు తరగతి గదుల్లో గొంతు వాడినదాన్ని. "టీచరమ్మ ప్రార్థన చేస్తే కన్నీళ్లు వస్తాయి" అని ఎవరైనా అంటే, ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చి, పడుకునేటప్పుడు కూడా మళ్లీ ఒకసారి తలుచుకునేదాన్ని. ఏ యోగ్యతా లేదని చెప్పి పొగడ్త సంపాదించాను. దేవుడు వింటున్నాడన్న ధ్యాస కంటే వరండాలో నిలబడ్డవాళ్లు వింటున్నారన్న ధ్యాస నాకు ఎక్కువగా ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆగస్టు 31 రాత్రి వాన మొదలైనప్పుడు ఇంత అవుతుందని ఖమ్మంలో ఎవరూ అనుకోలేదు. సెప్టెంబరు 1 ఆదివారం మున్నేరు పొంగింది. ఒడ్డున ఉన్న కాలనీలు మునిగిపోయాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, చివరికి ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్లి వాళ్లను తెచ్చాడు. మా ఇల్లు మెరక మీద ఉంది, మాకు నీళ్లు రాలేదు. మర్నాడు నీళ్లు తీస్తుండగానే నేను చర్చికి వెళ్లి డ్రమ్ము తెరిపించాను. 46 కిలోల బియ్యం ఉన్నాయి. ఇంటికి మూడు కిలోల చొప్పున 15 ఇళ్లకు ఇచ్చాం. ఇచ్చిన ప్రతి ఇంటి దగ్గరా రిజిస్టరులో సంతకం పెట్టించాను. కోశాధికారిగా అది నా పద్ధతి. ఇల్లంతా బురదతో నిండిన ఒకామె, గుమ్మంలో నిలబడి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు కూడా లేక, చీర కొంగుకు తుడుచుకుని నా పెన్ను పట్టుకుంది. పేరు రాయడం రాక, వేలితో ఆ గడిలో నొక్కింది. ఆ బురద ముద్ర నా రిజిస్టరులో ఇప్పటికీ ఉంది. ఎండి, గోధుమ రంగు చారలా.

బుధవారం ఒక ఇంటి మెట్లు ఎక్కుతుంటే ఒండ్రు మీద కాలు జారింది. చేతిలో బియ్యం సంచి. వెనక వస్తున్న యూత్ కుర్రాడు "నేను పట్టుకుంటాను అమ్మా" అని రెండుసార్లు అడిగాడు. నేనే వద్దన్నాను. పడేటప్పుడు సంచిని వదల్లేదు, కుడి చేయి కింద పడింది.

శుక్రవారం పొద్దున ఆరింటికి తలుపు చప్పుడయింది. తీసి చూస్తే ఆమె. రిజిస్టరులో వేలిముద్ర వేసిన ఆమె. నాలుగిళ్లలో పని చేసుకుని బతుకుతుంది, నా కంటే పదిహేనేళ్లు చిన్న. పనికి వెళ్తూ దారిలో ఆగింది. నా జుట్టు చూసి, "దువ్వెన ఎక్కడుంది టీచరమ్మా" అంది.

"వద్దమ్మా. నీ ఇంట్లోనే బోలెడు పని ఉంది. నేను ఎలాగోలా చూసుకుంటాను" అన్నాను. మర్యాదగానే అన్నాను.

"మీరు బియ్యం ఇచ్చినప్పుడు నేను వద్దన్నానా?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది, నాకు ఏదో అర్థం కాలేదని అనుకున్నట్టుగా. తర్వాత పీట లాగి, "కూర్చోండి" అంది.

కూర్చున్నాను. కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, మాడు మీద పెట్టింది. వేళ్ల చివర్లు గరుకుగా ఉన్నాయి. నాలుగైదు రోజులుగా బురద ఎత్తిపోసిన చేతులు. ఎంత కడిగినా గోళ్ల అంచుల్లో నల్లని గీత పోలేదని అద్దంలో కనిపించింది. మూడు రోజుల చిక్కు. పై నుంచి దువ్వలేదు. కొసల దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. చిక్కు తీసేటప్పుడు ఆ పాయను మరో చేత్తో పైన బిగించి పట్టుకుంది, లాగుడు నా తలకు తగలకుండా. పిల్లలకు అలా దువ్వుతాం. మా అమ్మ అలాగే దువ్వేది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏమీ అనలేదు, దువ్వుతూనే ఉంది.

ప్రభువు శిష్యుల పాదాలు కడుగుతుంటే, పేతురు తన పాదాలు కడగవద్దని అన్నప్పుడు వినయంతో అన్నాడనే నేను ఎప్పుడూ పిల్లలకు చెప్పేదాన్ని. గురువు ఎక్కడ, తాను ఎక్కడ అనుకున్నాడని. కాని ప్రభువు ఆ మాటను మెచ్చుకోలేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అన్నాడు. అంత కఠినమైన మాట ఎందుకు అన్నాడో నాకు ఆ పీట మీద తెలిసింది. వద్దనడంలో ఒక ఎత్తు ఉంది. ఇచ్చేవాళ్లుగా ఉన్నంత కాలం మనం పైన ఉంటాం, ఎన్ని తగ్గింపు మాటలు మాట్లాడినా. కాళ్లు ముందుకు చాపి కూర్చోవడం, నా మురికి ఇంకొకరి చేతికి తగలనివ్వడం, నాకు తిరిగి ఇవ్వడానికి ఏమీ లేకపోవడం, ఇవన్నీ పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా చేయని పనులు. నా దగ్గర బియ్యం తీసుకున్నవాళ్లందరూ నెల నెలా చేస్తూ వచ్చిన పని అదే. దానికి నేను సంతకం కూడా అడిగాను.

ఆ వారం రాత్రులు నిద్ర లేదు. చేతిని దిండు మీద ఎత్తి పెట్టుకుని, రెండింటికీ మూడింటికీ కూడా మేలుకుని ఉండేదాన్ని. చేయి సరిగా అతుకుతుందా, వేళ్లు మునుపటిలా వంగుతాయా, ముందు ముందు నాకెవరున్నారు, అబ్బాయి దగ్గరికి వెళ్లిపోవాలా, వెళ్తే ఈ ఇల్లు ఏమవుతుంది. ప్రతి ప్రశ్నకూ జవాబు తేలేదాకా మనసు తరువాతి ప్రశ్నకు కదిలేది కాదు. ఒక రాత్రి 131వ కీర్తన తీశాను. మూడే వచనాలు. యాత్రకీర్తన. "నా హృదయము అహంకారము గలది కాదు, నా కన్నులు మీదు చూచునవి కావు" అని మొదలవుతుంది. తనకు అందని వాటి జోలికి తాను పోవడం లేదని అంటాడు. నాకైతే ఆ రాత్రి రెండింటికి అందనివి తప్ప ఇంకేవీ పట్టలేదు. తరువాతి వచనంలో ఉంది, "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు" తన ప్రాణం ఉందని.

పాలు తాగే పిల్ల అనలేదు. పాలు విడిచిన పిల్ల అన్నాడు. మా అబ్బాయికి ఏడాదిన్నర దాటాక పాలు మాన్పించాల్సి వచ్చింది. మా అమ్మ చెప్పినట్టు వేపాకు నూరి రాసుకున్నాను. మొదటి రాత్రి వాడు నోరు పెట్టి, మొహం చిట్లించి, నా కళ్లలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. నాలుగు రాత్రులు ఏడ్చాడు, నన్ను కొట్టాడు, వాళ్ల నాయనమ్మ దగ్గరికి పోయాడు. అయిదో రోజు మధ్యాహ్నం నేను గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే వచ్చి, ఏమీ అడగకుండా, నా ఒడిలో ఎక్కి కూర్చున్నాడు. అక్కడ పాలు దొరకవని వాడికి తెలుసు. అయినా వచ్చాడు. చిక్కుడు ఈనె ఒకటి తీసుకుని ఆడుకున్నాడు.

విశ్వాసం అనేది మాకు పెద్ద మాట. మమ్మల్ని విశ్వాసులంటారు, ఆదివారం నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతాం. నమ్మకం చిన్న మాట. కిరాణా కొట్టు దగ్గర, పాలు పోసే ఆయన దగ్గర వాడుకునే మాట. నాకు పెద్దది ఉంది, చిన్నది లేదు అని ఆ రాత్రి అనిపించింది. దేవుడు నాకేం చేస్తాడో చెప్పమని ఎప్పుడూ అడిగేదాన్ని. ఏమీ చెప్పకపోయినా ఆయన దగ్గర ఊరికే కూర్చోవడం చేతకాలేదు. పుస్తకం మూసి, నాయనమ్మ మాటే అన్నాను. ఈ పూట గడిచింది, రేపటిది నీకు తెలుసు. నిద్ర వెంటనే పట్టలేదు. కాని లెక్కలు ఆగిపోయాయి.

సెప్టెంబరు 8 ఆదివారం, పిండికట్టుతోనే ఆరాధనకు వెళ్లాను. ఆమే జడ వేసి పంపింది. కానుకల తర్వాత స్త్రీలు వరుసగా వచ్చి డ్రమ్ములో బియ్యం పోస్తున్నారు. నేను పక్కన కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో రిజిస్టరు పట్టుకున్నాను. ఆమె వచ్చింది. పాలిథిన్ సంచి అడుగున కొంచెం బియ్యం. అయిదారు రోజుల పిడికెళ్లు. పోస్తుంటే చూశాను. దొడ్డువి, సన్నవి, విరిగినవి, అన్నీ కలిసినవి. నేను ఆమెకు ఇచ్చిన బియ్యమే. ఇల్లు కడుక్కుంటూ, పొయ్యి ఆరబెట్టుకుంటూ, ఆ మూడు కిలోల్లోంచి పూటకొక పిడికెడు తీసి పెట్టింది. నన్ను చూసి నవ్వి, వెళ్లి తన చాప మీద కూర్చుంది.

ఆ రోజు రిజిస్టరులో నేను ఏమీ రాయలేకపోయాను. ఎడమ చేత్తో రాయడం రాదని పక్కనున్న అమ్మాయికి ఇచ్చేశాను. నవంబరు నుంచి బియ్యం తీసుకున్నవాళ్లు సంతకం చేసే గడిని తీసేశాం. కమిటీలో ఒకరిద్దరు లెక్క చెడుతుందన్నారు. తూకం రాస్తాం కదా, అది చాలని చెప్పాను.

శనివారం ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు చేయి నొప్పిగా ఉందని చెప్పాను, నిద్ర పట్టడం లేదని చెప్పాను, జడ వేస్తున్న చెల్లి కోసం వందనాలు చెల్లించాను. నిమిషం కూడా పట్టలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమెన్ అని తరువాతి ఆమె మొదలుపెట్టింది.

ఆరు వారాల తర్వాత కట్టు విప్పారు. చేయి సన్నగా, చర్మం పొరలు పొరలుగా, నాది కానట్టుగా ఉంది. వేళ్లు బిగుసుకుపోయాయి. గోరువెచ్చని నీళ్లలో పెట్టి వంచమన్నారు, మెత్తని బంతి పిసకమన్నారు. ఆ సాయంత్రం వంటకు బియ్యం కొలిచి, అలవాటు ప్రకారం కుడి చేయి పెట్టాను. పిడికిలి ముడుచుకోలేదు. గింజలన్నీ చూపుడు వేలు పక్కనుంచి జారిపోయాయి. అరచేతి గుంటలో నిలిచినవి పది పన్నెండు కూడా లేవు. ఎడమ చేత్తో తీయవచ్చు. తీయలేదు. ఆ పది పన్నెండే డబ్బాలో వేశాను.

ఇప్పుడు పిడికిలి కొంత మెరుగైంది. పూర్తిగా మూసుకోదు, ఇక మూసుకోదేమో కూడా. జడ నేనే వేసుకోగలను. శనివారం సాయంత్రం మాత్రం ఆమె పని ముగించుకుని వస్తుంది. నేను పీట వేసి, నూనె సీసా పక్కన పెట్టుకుని కూర్చుంటాను.